తడవలేదని రాసిన మిరపకాయలు

నాకు కోపం తొందరగా వస్తుంది, భాషలు కూడా అంతే తొందరగా వస్తాయి. మొదటిది అమ్మ నుంచి వచ్చింది. రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. అమ్మకు చదువు రాదు. నేను మాత్రం డిగ్రీ చదువుతూ చదువుతూ ఫోన్లో స్పానిష్ నేర్చుకున్నాను. ఎందుకే అని అడిగినవాళ్ళకి ఊరికే అని చెప్పేదాన్ని. ఊరికే నేర్చుకున్నదే చివరికి అన్నం పెట్టింది.

గుంటూరు పొలిమేరలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో నాది ఉత్తరాల పని. స్పెయిన్ నుంచి వచ్చిన ఉత్తరం తెలుగులో చదివి ఓనరు గారికి చెప్పాలి, ఆయన తెలుగులో చెప్పింది స్పానిష్‌లో రాసి పంపాలి. అదే ఆవరణలో, నా ఆఫీసు గదికి ముప్పై అడుగుల దూరంలో రేకుల షెడ్డు. అందులో నలభై మంది ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు ఏరేస్తారు. వాళ్ళందరికీ మేస్త్రి మా అమ్మ. ఆ గుంపుని ఊళ్ళు తిరిగి ఒక్కొక్కళ్ళనీ పిలిచి కట్టింది ఆవిడే. ఈ ఉద్యోగం నాకు స్పానిష్ వల్ల వచ్చిందని నేనంటాను, తన వల్ల వచ్చిందని అమ్మ అంటుంది. ఇద్దరి మాటా నిజమే.

స్పానిష్‌లో నన్ను బాగా ఏడిపించింది ఒకే ఒక్క విషయం. అయిపోయిన పని గురించి చెప్పడానికి వాళ్ళకి రెండు రూపాలు. ‘ఆ’ అని ఒకటి, ‘ఆయా’ అని ఇంకొకటి. సరుకు వచ్చింది అని నా పూచీ మీద చెబితే ‘ఆ’ రాయాలి. వచ్చి ఉంటే బాగుండు, వచ్చిందని నేననుకోను, వచ్చిందేమోనని భయంగా ఉంది, ఇలాంటివాటి వెనక ‘ఆయా’ రాయాలి. ఫోను తెరలో కనపడే మా టీచరు నేను తప్పు రాసినప్పుడల్లా ఒకటే అడిగేది. “ఇది నీకు తెలుసా, లేక నీ మనసులో ఉందా? తెలిస్తే ‘ఆ’. మనసులో ఉంటే ‘ఆయా’.”

తెలుగులో మాత్రం ఈ తేడా లేదా? లారీ బయల్దేరింది అనేది వేరు, బయల్దేరి ఉంటుంది అనేది వేరు. కాకపోతే మనవాళ్ళు రెండోది అనాల్సిన చోట ధీమాగా మొదటిదే అనేస్తారు. “పిడుగురాళ్ల దాటేశానండీ” అని ఒక డ్రైవరు ఫోన్లో చెబుతుంటే, వెనకాల వాళ్ళావిడ టిఫిన్ చల్లారిపోతోందని కేకలేయడం నేను నా చెవులతో విన్నాను. అతను అబద్ధమాడుతున్నాడని ఎవరూ అనుకోరు. దాటేస్తాడులే అనుకుంటారు. మేం ముస్లింలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ రేపటి సంగతి ఏది చెప్పినా అమ్మ ఇన్షా అల్లా అనకుండా వదలదు. స్పానిష్‌లో ఓహలా అనే మాట ఉంది, అలా జరగాలని కోరుకునే మాట, అరబ్బీ నుంచే వెళ్ళిందట. దాని వెనక ‘ఆ’ రాదు, ‘ఆయా’నే రావాలి అని టీచరు చెప్పినప్పుడు నాకు బట్టీ పట్టే పని లేకపోయింది. మన చేతిలో లేనిదాన్ని మన చేతిలో ఉన్నట్టు చెప్పకూడదు, అంతేగా అనుకున్నాను. అర్థమైపోయిందనుకున్నాను.

ఆ మార్చిలో స్పెయిన్‌కి ఒక కంటెయినరు సరుకు వెళ్ళాలి. తొడిమ తీసిన కాయ. అక్కడ నాణ్యత చూసే పెద్దావిడ ఒకామె ఉంది. ఫోటోలో నెరిసిన జుట్టు, ఉత్తరంలో ఒక్క మాట కూడా వృథా చేయదు. ఇంకెవరో పంపిన సరుకు దారిలో బూజు పట్టి వచ్చిందట, అందుకని ఈసారి ముందే ఒక ప్రశ్న పంపింది. ఈ లాటు ఏ దశలోనైనా తడిసిందా?

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో మాకందరికీ తెలుసు. మా వైపు తొడిమలు తీసే ముందు కాయ మీద నీళ్ళు పెట్టడం మామూలే. బాగా ఎండిన కాయ చెయ్యి తగిలితే విరుగుతుంది, గింజలు రాలిపోతాయి, ఘాటు లేచి షెడ్డులో మనిషి నిలబడలేడు. కాస్త తడి తగిలితే కాయ మెత్తబడుతుంది, దుమ్ము అణుగుతుంది. ఇక్కడే అమ్ముడుపోయే సరుకైతే నాలుగు రోజుల్లో ఆరిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఓడలో నెలకు పైగా ఇనప పెట్టెలో ఉండే సరుక్కి మాత్రం అదే చావు.

“లేదమ్మా, ఈ లాటుకి నీళ్ళు పెట్టొద్దని నేనే గట్టిగా చెప్పాను. రాసెయ్” అన్నారు ఓనరు గారు.

మొదట ‘తడిసిందని నేననుకోను’ అని మొదలుపెట్టాను. అలా మొదలుపెడితే ‘ఆయా’ రావాలి. రాసి చూసుకుంటే పిరికిగా కనిపించింది. కంపెనీ ఉత్తరం అలా ఉంటుందా? తుడిచేసి, ‘ఈ లాటు తడవలేదని ధ్రువీకరిస్తున్నాను’ అని రాశాను. ఇప్పుడు ‘ఆ’ వచ్చింది. చిన్నగా, గట్టిగా. వ్యాకరణం తప్పు లేదు. టీచరు చూస్తే మెచ్చుకునేది. ముప్పై అడుగులు నడిచి షెడ్డులో ఎవర్నీ అడగలేదు. కుర్చీలోంచి లేవకుండానే చూసొచ్చినట్టు రాసి పంపించాను.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ గడప మీద కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మిరపకాయల పని చేసే చేతులకి మంట పోదు, నూనె రాస్తే కాస్త నెమ్మదిస్తుంది. నేను పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. రెండ్రోజులుగా ఇంటికి రాగానే దగ్గే అమ్మ ఇవాళ దగ్గలేదు.

“ఘాటు తగ్గిందా ఏంటి ఇవాళ?” అన్నాను.

“మధ్యాహ్నం కాసిని నీళ్ళు చిలకరించాలే. ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల ఒకతి ఉందిగా మా గుంపులో. పొట్ట పట్టుకుని ఒకటే దగ్గు. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. ఎక్కడ ఏమవుద్దోనని నా గుండె ఆగలా.”

“ఏ కాయ మీద చల్లావు?”

“ఏ కాయేంటి? ఇప్పుడు నడిచేది ఒకటేగా.”

నేను గ్లాసు కింద పెట్టాను. నేను రాసిన చిన్న ‘ఆ’ కళ్ళ ముందు కనపడింది.

“అమ్మా, దానికి నీళ్ళు పెట్టొద్దన్నారు కదా!”

“పెట్టలేదే. పెట్టడమంటే పంపుతో కొట్టడం. నేను చీపురు ముంచి చిలకరించా అంతే, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు.”

“ఆరిందా మరి?”

“ఆరిపోయి ఉంటది.”

“ఉంటదా, ఆరిందా?”

“ఏమే, కోర్టులో అడిగినట్టు అడుగుతున్నావు?”

చెప్పాను. పొద్దున వచ్చిన ప్రశ్న, సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు నేను రాసిన జవాబు, కంటెయినరు రేపు పదకొండింటికి వస్తుందన్న సంగతి, అన్నీ. అమ్మ నూనె సీసాకి మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టింది.

“నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా. అడిగావా?” అంది.

అడగలేదు. తప్పు నాదైనప్పుడు నాకు కోపం వస్తుంది కాబట్టి అరిచాను. వద్దన్న పని ఎందుకు చేశావు, నీకు తెలియదా అని అరిచాను. అమ్మా అరిచింది. ఏసీ గదిలో కూర్చునేదానివి నీకేం తెలుసు ఘాటంటే అంది. పక్కింటివాళ్ళు టీవీ గొంతు తగ్గించడం వినపడింది.

చివరికి అమ్మ గొంతు తగ్గించి అంది. “ఇప్పుడిది బయటపెట్టావనుకో, నా మేస్త్రితనం పోద్ది. ఇంకెవరో మేస్త్రి వస్తే మొదట ఇంటికి పంపేది పని సాగనోళ్ళని. ఆ పిల్ల చేతులు ఇప్పుడేమీ జోరుగా ఆడవు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్ది. ఇన్షా అల్లా, ఆరిపోయి ఉంటది. ఊరుకో.”

ఊరుకున్నాను. కానీ నిద్ర పట్టలేదు. అమ్మకీ పట్టలేదని ఆవిడ మంచం కిర్రుమనడంలో తెలుస్తూనే ఉంది.

తెల్లారి ఆడవాళ్ళ ఆటోలు రాకముందే ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. టిక్కీలు, అంటే కుట్టేసిన మిర్చి బస్తాలు, వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. అమ్మ ఒకదాని కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్య నుంచి గుప్పెడు కాయలు తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. అవి గలగలమన్నాయి.

“విన్నావా?” అంది, ముఖం వెలిగిపోయింది.

రెండోది గలగలమంది. మూడోది, నాలుగోది కూడా. ఐదో టిక్కీలోంచి తీసిన గుప్పెడు అమ్మ చెవి దగ్గర ఊపింది. ఇంకోసారి ఊపింది. ఈసారి నన్ను వినమనలేదు. నేనే ఆవిడ చేతిలోంచి ఒక కాయ తీసుకుని వంచాను. విరగలేదు, వంగింది.

“ఎన్నుంటాయిలే ఇలాంటివి, నాలుగో ఐదో” అంది అమ్మ.

“ఏ నాలుగో నీకు తెలుసా?”

తెలియదు. అప్పటికే అన్నీ కలిసిపోయాయి. ఆరో టిక్కీ విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకా చూస్తే నిజం మారుతుందా? అమ్మ బస్తాల మీద కూర్చుండిపోయింది. ఎప్పుడూ నలభై మందిని నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆ క్షణాన నావైపు చూడలేదు. “నీ ఇష్టం” అంది. అమ్మ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి, వినాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఆఫీసుకి వెళ్ళి కంప్యూటరు తెరిచాను. ఓనరు గారు తొమ్మిదింటికి వస్తారు. స్పెయిన్‌లో ఇంకా తెల్లవారలేదు. నేను రాసిపెట్టింది వాళ్ళు లేచాక చూస్తారు. ‘లాటు కొంత తడిసి ఉండే అవకాశం ఉంది’ అని టైపు చేశాను. అందులో ‘ఆయా’ ఎంత చక్కగా ఇమిడిందో! అబద్ధం కాదు. ఎవరు తడిపారో లేదు, ఎవరు చూశారో లేదు. గాలివాటున ఏదో జరిగి ఉండొచ్చు, అంతే. అమ్మ మేస్త్రితనం నిలబడుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది, వ్యాకరణం కూడా నిలబడుతుంది. అవతలివాళ్ళు సరే చూద్దాంలే అని సరుకు తెప్పించుకుంటారేమో కూడా.

దాన్ని మళ్ళీ చదివాను. అనుమానం ఉన్నవాళ్ళు వాడుకోవాల్సిన మాట అది. నాకు అనుమానం ఎక్కడుంది? వంగిన కాయ నా వేళ్ళ మధ్యే ఉంది, వేళ్ళు ఇంకా మండుతున్నాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్న తెలియకుండా తెలిసినట్టు రాశాను, ఇవాళ తెలిసి తెలియనట్టు రాస్తున్నాను. రెండిట్లో ఇదే పెద్ద తప్పు. తుడిచేశాను. ‘మేం తడిపాం. నిన్న నేను కనుక్కోకుండా రాశాను’ అని రాసి, పంపకుండా ఉంచాను. ముందు ఓనరు గారికి చెప్పాలి.

ఆయన వచ్చీ రాగానే లేచి నిలబడ్డాను. “సార్, స్పెయిన్ లాటు తడిసిందండి.”

“ఎవరన్నారు?”

“నేను చూశానండి. కాయ వంగుతోంది.”

“ఎవరు తడిపింది?”

“మేం” అన్నాను.

“మేం ఏంటమ్మా మేం? నువ్వు తడిపావా?”

ఉత్తరంలో ‘మేం’ అని రాసుకోవడం తేలికే. గదిలో ఎదురుగా మనిషి నిలబడి పేరు అడుగుతుంటే ఆ మాట చాలదు. అమ్మ అని నేను చెప్పాలి, చెప్పలేకపోయాను. తలుపు దగ్గర నుంచి అమ్మ గొంతు వినపడింది. “నేనే సార్. చీపురుతో చిలకరించా. కడుపుతో ఉన్న పిల్ల ఒకటే దగ్గుతుంటే చూడలేక.”

ఆయన కోపం షెడ్డు దాకా వినపడింది. చెడ్డమనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. బూతు అనలేదు, బయటికి నడవమనలేదు. పదకొండింటికి వచ్చిన కంటెయినర్ని ఖాళీగా వెనక్కి పంపించారు. అన్ని టిక్కీలూ విప్పించి, ఆవరణంతా టార్పాలిన్లు పరిపించి, మూడు రోజులు ఎండబెట్టమన్నారు. నన్ను ఉత్తరం పంపెయ్యమన్నారు. అదంతా అయ్యాక అమ్మని పిలిచి, “ఇవాళ్టి నుంచి మేస్త్రితనం వేరేవాళ్ళు చూస్తారు. తొడిమలు తీసుకుంటానంటే నీ ఇష్టం, వరసలో కూర్చో” అన్నారు.

అమ్మ వెళ్ళి వరసలో కూర్చుంది. ఆరో నెల పిల్ల పక్కన చోటు చేసుకుని కూర్చుంది. కొత్త మేస్త్రి నిన్నటిదాకా అమ్మ చేతి కిందే పనిచేసిన మనిషి. ఏ కుప్ప ఎవరి ముందు పోయించాలో తెలియక రెండుసార్లు అమ్మ వైపు చూసింది, అమ్మ తల ఎత్తకపోయేసరికి గొంతు పెంచింది. “చేతులు ఆడించండమ్మా, కబుర్లు తర్వాత.” ఆ మాట అమ్మదే. రోజుకి పదిసార్లు అమ్మ అనే మాట.

మధ్యాహ్నం మూడింటికి స్పెయిన్ నుంచి జవాబు వచ్చింది. ఓనరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నేను చదువుతూ తెలుగులో చెప్పాను. మీరు ముందే చెప్పినందుకు సంతోషం. తొందరేమీ లేదు, బాగా ఎండబెట్టి పంపండి. మీ ఆర్డరు అలాగే ఉంటుంది.

ఆయన ముఖం చూడాలి! “చూశావా? నిజం నిప్పులాంటిదమ్మా, దాచినా దాగదు. నేనెప్పుడూ చెప్తుంటాగా” అన్నారు. ఎప్పుడు చెప్పారో నాకు గుర్తు లేదు. పొద్దున్నుంచి ఆ ఒక్క ఉత్తరం కోసమే చూస్తున్నాను కాబట్టి నాకూ ఏడుపు లాంటి నవ్వొచ్చింది. గండం గడిచింది అనుకున్నాను.

“ఇంకో లైనుందండీ” అన్నాను.

చివర్లో ఆవిడ ఒకే వాక్యం రాసింది. దీనివల్ల అక్కడ ఎవరూ తమ స్థానం పోగొట్టుకోలేదని ఆశిస్తున్నాను. ‘ఆశిస్తున్నాను’ కాబట్టి ‘ఆయా’ రాసింది. ఆవిడకి తెలియదు కదా. ఎన్నో వేల మైళ్ళ అవతల కూర్చుని, తెలియని దాన్ని తెలియనట్టే అడిగింది. నేను ఏ షెడ్డునైతే అడగకుండా వదిలేశానో, దాని గురించి అడిగింది.

“ఎవరికీ ఏమీ కాలేదని రాసెయ్. అబద్ధం కాదుగా, మనం ఎవర్నీ తీసెయ్యలేదు” అన్నారు ఓనరు గారు.

అబద్ధం కాదు. కిటికీలోంచి చూస్తే అమ్మ పనిలోనే ఉంది. చున్నీ ముక్కుకి చుట్టుకుని, వంచిన తల వంచినట్టే, కాయ వెనక కాయ తీస్తోంది. కొత్త మేస్త్రి వచ్చి ఆవిడ బుట్టలో చెయ్యి పెట్టి కలిపి, ఒక తాలు కాయ తీసి అందరికీ కనపడేలా పైకెత్తింది. అమ్మ ఆ కాయ తీసుకుని పక్కన పడేసి మళ్ళీ పనిలో పడింది.

నేను రాశాను. రెండు వాక్యాలు, ఎక్కువసేపు పట్టలేదు.

“ఏం రాశావు? చదువు” అన్నారు ఆయన.

ఆయనకి స్పానిష్ రాదు. తెలుగులో నేనేం చెబితే అదే ఉత్తరం. ఎవరికీ ఏమీ కాలేదండీ అని రాశాను అంటే సరేనని లేచి వెళ్ళిపోయేవారు.

“పోగొట్టుకుందండీ. మా అమ్మ మేస్త్రితనం పోగొట్టుకుంది” అని చదివాను.

ఆయన షెడ్డు వైపు చూశారు. తుడిచెయ్యమంటారని ఎదురుచూశాను. అనలేదు, ఉంచమనీ అనలేదు. నేను పంపించేశాను.